దానయ్య బావ ముప్పై రోజులు

1వ రోజు

ఈ పుస్తకం బీమా కంపెనీవాళ్లది. అట్ట మీద సాక్షి పుస్తకం అని ఉంది. రోజూ రోగిని కళ్లతో చూసి, బతికి ఉన్నాడని రాసి, కింద సంతకం పెట్టాలి. ఈ ఏడో తెప్ప మీద రాయడం వచ్చినవాళ్లం ఐదుగురం. మిగతా నలుగురికీ పనుంది, నాకు నోరు మాత్రమే ఉంది. అందుకని నన్ను పెట్టారు. పేరు గనగళ్ల ఎల్లాజీ. వయసు యాభై ఒకటి. చదువు ఆరో తరగతి, అదీ సగం. రోగి గరికిన దానయ్య, నా చెల్లెలు ముత్యాలు మొగుడు.

రోగి బతికి ఉన్నాడు. చూశాను.

ఇంతకన్నా రాయక్కర్లేదన్నారు. కానీ రోజుకొక పేజీ ఇచ్చారు. ఇంత తెల్లకాగితం నేను పుట్టాక చూడలేదు. ఖాళీగా వదలడానికి చేతులు రావడం లేదు.

మా పని ఆకాశానికి సున్నం కొట్టడం. తెప్ప నడుమనున్న పంపులు సముద్రపు నీటిని పిండిలా చేసి పైకి చిమ్ముతాయి. అది తెల్లమబ్బై ఎండను ఆపుతుంది. ఒడ్డున, గట్టు మీద జనం చల్లగా పడుకుంటారు. ఉప్పు మాత్రం మా దగ్గరే ఉండిపోతుంది. పంపుల మూతులు గీకేవాళ్ల ఊపిరితిత్తుల్లో మరీను. బావ ఇరవై రెండేళ్లు గీకాడు. ఇవాళ ఆసుపత్రి పడవ వచ్చింది. డాక్టరు బావ ఛాతీని అద్దం పెట్టి చూసి, ఉప్పు ఊపిరి, మూడో మెట్టు అని రాసిచ్చాడు.

అదే పడవలో బీమా ఆఫీసు నుంచి హైమావతి మేడమ్ కూడా వచ్చింది. నీళ్ల డ్రమ్ము మీద కాగితాలు పరుచుకుని కూర్చుంది. పాలసీ తీసుకుని తొంభై రోజులు దాటిందా అని చూసింది. నాలుగేళ్లయింది.

"ఆపరేసన్‌కి ఎంతయినాదో సీటీలు తేవాలేటమ్మా?" అని బావ అడిగాడు.

"అక్కర్లేదండీ. ఇది ఖర్చు తిరిగిచ్చే పాలసీ కాదు. జాబితాలో పదకొండు పెద్ద జబ్బులున్నాయి. మీది ఏడోది. మొదటి మెట్టుకి ఏమీ రాదు, రెండో మెట్టుకి పావు వంతు, మూడో మెట్టుకి మొత్తం. మీకు మొత్తం వస్తుంది. ఇరవై ఏళ్ల గట్టు, ఒకేసారి. దాంతో ఏం చేసుకున్నా మీ ఇష్టం."

అంటే గట్టు మీద ఒక మనిషి ఇరవై ఏళ్లు ఉండొచ్చు, ఇద్దరైతే పదేసి ఏళ్లు. ఆ చీటీ లేకుండా తెప్పవాళ్లను గట్టు మీద కాలు పెట్టనివ్వరు.

"మరి నాను పోతే?"

"వచ్చిన ఏళ్లు మీ ఆవిడవి. కానీ ఒకటుందండీ." మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "డాక్టరు జబ్బు పేరు రాసినప్పటి నుంచి ముప్పై రోజులు మీరు బతికుండాలి. ఆలోపు ఏదైనా జరిగితే ఏమీ రాదు. ఇది చనిపోతే వచ్చే బీమా కాదు. జబ్బుతో బతకడానికి ఇచ్చేది."

నేను ఊరుకోలేకపోయాను. "బతకడానికిచ్చేది ముందర బతికి సూపిత్తేనే ఇత్తారా తల్లీ? అన్నం పెడతాం, ముందు కడుపు నింపుకుని రండి అన్నట్టుంది."

మేడమ్ నవ్వలేదు. ఆమె రోజుకు ఎన్ని తెప్పల మీద ఈ మాట చెప్పాలో!

డాక్టరు మాత్రం ఇప్పుడే పడవెక్కమన్నాడు. ఉప్పు పట్టిన ముక్కను కోసేస్తే పదిమందిలో ఏడుగురు లేచి నడుస్తారట. మిగతా ముగ్గురూ బల్ల మీదనో, వారం లోపో పోతారు.

బావ ముత్యాలు వైపు చూశాడు. దాని ఛాతీని కూడా ఇవాళే చూశారు. మొదటి మెట్టు. దానికి చిల్లిగవ్వ రాదు. ఏడాదిలోగా గట్టు ఎక్కితే అక్కడితో ఆగిపోతుందట, తెప్ప మీదే ఉంటే బావ దారే.

"ముప్పై నిండినాక వత్తాను బాబూ. ముందు దీని సంగతి తేలాల," అన్నాడు బావ.

3వ రోజు

రోగి బతికి ఉన్నాడు. చూశాను.

నిన్న రాయడం మరిచిపోయి ఇవాళ రాశానని ఎవరూ అనకుండా, రోజు మారే గంట మోగగానే రాస్తున్నాను. తెప్ప మీద రోజంటే రెండు పోట్లు, రెండు ఆటులు. రెండో పోటు నిండగానే గంట కొడతాం, రోజు మారుతుంది. మబ్బు వెనక సూర్యుడు ఎక్కడున్నాడో మాకెందుకు? మంచినీళ్ల మర పోటుతో తిరుగుతుంది. వంట నీళ్లొచ్చినప్పుడు, నిద్ర మర ఆగినప్పుడు. మా అమ్మ నన్ను కన్నది కూడా రెండో పోటులోనేనట, వెలుతురో చీకటో ఆవిడకు గుర్తు లేదు.

ముత్యాలూ బావా మాట్లాడుకోవడం లేదు. "నీ సావుతో నాకు గట్టు కొంటావేటి?" అని అది ఒక్కసారే అడిగింది. అప్పట్నుంచి గిన్నెలే మాట్లాడుతున్నాయి.

5వ రోజు

రోగి బతికి ఉన్నాడు. నా వల్ల పోవాల్సింది, కొద్దిలో తప్పింది.

బావకు నవ్వొస్తే దగ్గొస్తుంది, దగ్గొస్తే రక్తం పడుతుంది. అందుకని ముప్పై రోజులూ నన్ను నోరెత్తొద్దని ముత్యాలు ఒట్టు పెట్టించుకుంది. నోరు మూసుకుని ఎదురుగా కూర్చున్నాను. నేను మాట్లాడకుండా కూర్చోవడం బావ ముప్పై ఏళ్లలో ఎన్నడూ చూడలేదు. చూసి చూసి ఫక్కున నవ్వాడు. గుడ్డ తడిసేంత రక్తం.

ముత్యాలు గరిటెతో నా వీపు మీద వేసింది. "మూతి మూసుకుంటే సాల్దన్నియ్యా, మొకం కూడా మూసుకో!"

మొహం మీద తువ్వాలు కప్పుకున్నాను. అది చూసి బావకు మళ్లీ నవ్వు. ఇప్పుడు గుమ్మం బయట, వాళ్లకు వీపు పెట్టి కూర్చుని ఇది రాస్తున్నాను. తెప్పల మీద వాళ్లందరినీ ఏడిపించిన మనిషిని. ఒక్కడిని నవ్వించకుండా ఉండటం ఇంత కష్టమని తెలియదు.

10వ రోజు

రోగి బతికి ఉన్నాడు.

పడవ వచ్చింది. డాక్టరు అద్దం పెట్టి చూసి, ఇప్పుడైతే పదిలో ఆరు అన్నాడు. బావ తల అడ్డంగా ఊపాడు.

ముత్యాలు డాక్టరు కాళ్ల దగ్గర కూలబడింది. "బాబూ, ఆయన మాటినొద్దు. మత్తిచ్చి అట్టుకుపొండి."

"రోగి ఒప్పుకోకుండా కొయ్యలేనమ్మా."

"ఒలే ముత్యాలూ, లెగు. బట్టలు తడిసిపోతన్నాయి," అన్నాడు బావ. ఆ మాట అన్న తీరుకు నేను అక్కడి నుంచి లేచి పంపుల వైపు వెళ్లిపోయాను.

14వ రోజు

బతికి ఉన్నాడు. రెండు గుక్కలు గంజి తాగాడు. పన్నెండు అడుగులు నడిచాడు, నేను లెక్కపెట్టాను.

20వ రోజు

బతికి ఉన్నాడు. పడవ వచ్చింది. పదిలో ఐదు. పడవ వెళ్లిపోయింది.

23వ రోజు

బతికి ఉన్నాడు.

ముత్యాలు నీళ్లకు వెళ్లినప్పుడు బావ నన్ను లోపలికి పిలిచాడు. మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ మాట్లాడాడు.

"బావా, గట్టు మీద నేల కదల్దంట గదా?"

"కదల్దు. పద్దెనిమిదేళ్లప్పుడు ఒక్కసారి, ఒక పూట సీటీ మీద పంపు బాగుసేయించడానికి ఎల్లినాను. దిగీ దిగ్గానే వాంతి సేసుకున్నాను."

"కదలకపోతే వాంతేటి?"

"మనకి అలవాటు లేదు గదా. ఇంతోటి భూమి ఏ గోలా లేకుండా పడుందేటని బుర్ర తిరిగిపోనాది."

బావ పెదవులు బిగించాడు, నవ్వు రాకుండా. నేనూ వెంటనే ఆపాను.

"ముత్యాలు పుట్టి బుద్దెరిగి కదలని సోట నిలబడ్లేదు. నిలబడాల. అంతే బావా. నాకు ఇంకేటీ ఒద్దు."

"మొగుడు లేకండా ఇరవై ఏళ్లు అక్కడేటి సేసుకుంటాదిరా అది?"

"నీ గోల లేకండా పడుకుంటాది."

ఈ మాటకు నేనే నవ్వాను. అతను నవ్వలేదు.

27వ రోజు

బతికి ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

మొదటి పోటులో ఊపిరి అందలేదు. గొంతులో గురగురమని నీళ్ల చప్పుడు. ముత్యాలు బయటికొచ్చి ఎవరినీ అడగలేదు, నేరుగా వెళ్లి పెద్ద పంపు మీట కిందికి లాగేసింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చి, తక్కిన పదహారు పంపులూ ఆపారు. ఒక పూటంతా ఏడో తెప్ప ఆకాశానికి సున్నం కొట్టలేదు. తెప్పకు జరిమానా పడుతుంది. ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. ఉప్పు పొగ విడిపోయి, మా ఇళ్ల రేకులు ఎర్రరంగని చాన్నాళ్లకు కనపడింది. బావ ఊపిరి మెల్లగా దారిలో పడింది.

గట్టు మీద ఆ పూట కాస్త ఎండ తగిలి ఉంటుంది. తగలనీ.

30వ రోజు

బతికి ఉన్నాడు.

రోజు మారే గంట కొట్టి మొదటి ఆటు సగానికి రాకముందే పడవ వచ్చింది. ఈసారి గాలికి పూట ఆలస్యమైందట. డాక్టరు బావను చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"పదిలో నాలుగు. ఇప్పుడు రాకపోతే ఆ నాలుగూ ఉండవు. మీ ముప్పై నిండలేదా ఇంకా?"

డాక్టరుకు బీమా ఆఫీసుతో సంబంధం లేదు. నలభై తెప్పలు తిరిగే మనిషికి మా లెక్క గుర్తుండదు. నేను ఈ పుస్తకమే తెరిచి చూపించాను. పేజీకి ఒక అంకె, కింద నా సంతకం.

"ఇరవై తొమ్మిది నిండినాయి బాబూ. ఇంకొక్కటి. రేపీ ఏలకి నాను భుజం మీదెట్టుకుని తెచ్చి పడవలో పడుకోబెడతాను. ఒక్క రోజు ఆగండి."

"పదమూడో తెప్ప మీద కాన్పు కష్టంగా ఉంది. ఆగలేను."

ముత్యాలు గుమ్మంలో నిలబడి విన్నది. ఈసారి అది బతిమాలలేదు. ఇరవై తొమ్మిది రోజులు మొగుడు పళ్లబిగువున మోసినదాన్ని ఒక్క రోజుకు పారబోయమనడానికి దానికి నోరు రాలేదు. నన్ను చూసింది. నేను పుస్తకం చూశాను. "ఒక్క రోజేనమ్మా," అన్నాను.

పడవ ఆటుతో వెళ్లిపోయింది.

31వ రోజు

ముప్పై నిండాయి. బతికి ఉన్నాడు. సంతకం పెట్టాను, పక్కన బావ వేలిముద్ర వేశాడు.

గంట మామూలుగా మూడు దెబ్బలు కొడతాం. ఇవాళ తెప్పంతా వచ్చి తలా ఒకటి కొట్టారు. ముత్యాలు నెల తరువాత బావ పక్కన కూర్చుని తల దువ్వింది. పడవకు కబురు పంపాం, నాలుగు రోజుల్లో వస్తామన్నారు.

"బావా, ఇప్పుడు సెప్పు ఏదైనా. నవ్వించు," అన్నాడు దానయ్య.

ముప్పై రోజుల నుంచి కడుపులో ఎన్ని దాచుకున్నానో! నోరు తెరిస్తే ఒక్కటీ రాలేదు.

33వ రోజు

చూశాను.

38వ రోజు

ఇక ఈ పుస్తకంలో రాయాల్సిన పని లేదు. ఇవాళ హైమావతి మేడమ్ తీసుకుపోవడానికి వచ్చింది. రాసినదంతా డ్రమ్ము మీద పెట్టుకుని చదివింది. తువ్వాలు సంగతి దగ్గర కూడా ఆగలేదు. ముప్పయ్యో పేజీ దగ్గర ఆగింది. డాక్టరు మొదట ఇచ్చిన కాగితం తీసి పక్కన పెట్టింది. దాని మీద గట్టు తారీఖు ముద్ర ఉంది. పడవ రిజిస్టరు నకలు కూడా పెట్టింది. వేళ్ల మీద లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"క్లెయిమ్ సరిగ్గా ఉందండీ. ఇరవై ఏళ్లూ వస్తాయి," అంది. తరువాత, "ఆ రోజు పడవ ఎందుకు ఎక్కలేదు?" అని అడిగింది.

"ఒక రోజు తక్కువయింది గదమ్మా."

"తక్కువ కాలేదు. పడవ వచ్చిన ముందు పూటే ముప్పై నిండాయి."

నేను పుస్తకం లాక్కుని చూపించాను. ఆమె గొంతు పెంచకుండా చెప్పింది. కంపెనీ రోజంటే గట్టు రోజు, ఇరవై నాలుగు గంటలు. మా రెండు పోట్లూ రెండు ఆటులూ కలిపితే ఇరవై నాలుగు గంటల యాభై నిమిషాలు. చంద్రుడు రోజూ ఆ కాస్త ఆలస్యంగా వస్తాడట, పోటూ అతని వెనకే వస్తుందట. ఒక రోజుకు యాభై నిమిషాలు ఎవడికీ తెలియవు. ఇరవై తొమ్మిది రోజులకు కలిపితే ఒక రోజు. మాకు ఇరవై తొమ్మిది నిండేసరికి గట్టు మీద ముప్పై నిండుతాయి.

"ఈ ముక్క మొదటి రోజే సెప్పొచ్చు గదమ్మా?"

"ఎవరూ అడగలేదండీ."

"రోజంటే ఎంతని ఎవడడుగుతాడమ్మా?"

ఆమె ఫారం తీసి మళ్లీ చదివింది. "ఫారంలో రోజు అని మాత్రమే ఉంది. ఎన్ని గంటలో రాయలేదు. నేను కూడా ఎప్పుడూ ఆలోచించలేదు," అంది. ఆమెను తిట్టడానికి మాటలు వరసగా వచ్చి నిలబడ్డాయి. నాకు తిట్లు బాగా వచ్చు. కానీ డాక్టరు అడిగినప్పుడు పేజీ తెరిచి చూపించిన చెయ్యి ఆమెది కాదు.

పుస్తకం ఇంకో నెల నా దగ్గరే ఉంచుకోనిమ్మన్నాను. నకలు తీసుకుని వెళ్లిపోయింది.

39వ రోజు

ముత్యాలుకు చెప్పాను.

చెప్పకుండా ఉండొచ్చు. నా బతుకంతా అబద్ధాలే, ఒకటెక్కువైతే ఎవరికి తెలుస్తుంది? కానీ చెప్పకపోతే అది గట్టు మీద ఇరవై ఏళ్లు మొగుణ్ణి తిట్టుకుంటూ బతుకుతుంది, మొండికేసి నన్ను వదిలేశావని. ఆ ఒక్క రోజు మొండితనం అతనిది కాదు, నా లెక్కది.

చేపలు తోముతోంది. విన్నది. తోమడం ఆపలేదు.

"పదిలో నాలుగన్నాడు గదా డాక్టరు," అంది.

"నాలుగు."

"నాలుగంటే తక్కువేటి?"

నేను చేపల గిన్నె వైపు చూశాను.

"తక్కువేటన్నియ్యా?" అని అరిచింది. గిన్నెలో చేపలు నా మీదికి విసిరింది. తరువాత తనే ఒక్కొక్కటీ ఏరుకుంది. నేను ఏరబోతే చెయ్యి తోసేసింది.

46వ రోజు

ముత్యాలు గట్టుకు వెళ్లింది. నేను సామాను పడవలో పెట్టాను. ఇన్ని రోజులూ నాతో మాట్లాడలేదు. పడవ కట్టు విప్పబోతుంటే పిలిచింది.

"పదకొండో తెప్పలో సోములమ్మ మొగుడికి రాసినారంట. మూడో మెట్టు. ఆల్లూ పోటు లెక్కే ఏసుకుంటన్నారు."

"నా మాటెవుడు నమ్ముతాడమ్మా?"

తన ఇరవై ఏళ్ల చీటీ నకలు మడిచి నా చేతిలో పెట్టింది. డాక్టరు రాసిన తారీఖు, ముప్పై నిండిన తారీఖు, బావ పోయిన తారీఖు, మూడూ దాని మీద ఉన్నాయి.

"నమ్మిందాకా ఆల్ల గుమ్మంలో కూకో," అంది.

వాళ్లకు 29 నిండిన రోజు, పదకొండో తెప్ప

సోములమ్మ మొగుడు గవరయ్య మంచం మీద ఉన్నాడు, ఆమె పొయ్యి దగ్గర. నేను వచ్చి ఆరు రోజులయింది. మొదటి రోజు నా మాట విని ఇద్దరూ నవ్వారు. గవరయ్యకు దగ్గొచ్చింది.

"పోయినేడు పెద్ద సొర తెప్ప కింద దూరిందని మమ్మల్ని ఒక పూటంతా రేకుల మీద కూకోబెట్టినావు. ఇప్పుడు సందమామ మీద పడ్డావేటి?" అంది సోములమ్మ.

ఆరు రోజులూ గుమ్మంలోనే కూర్చున్నాను. ఒక్క పరాచికం ఆడలేదు. మూడో రోజున సోములమ్మ నాకు గంజి పోసింది. నాలుగో రోజు చీటీ అడిగి తీసుకుని, చదువొచ్చిన పక్కింటామె చేత చదివించుకుంది.

ఇవాళ గంట మోగిన కాసేపటికి పడవ వచ్చింది. డాక్టరు నన్ను గుర్తుపట్టాడు. గవరయ్యను చూసి పదిలో ఆరన్నాడు.

"ఒక్క రోజుంది గదా, రేపొత్తాం," అన్నాడు గవరయ్య.

"లేదు. గట్టు లెక్కకి ముప్పై నిన్ననే అయిపోనాయి," అన్నాను.

సోములమ్మ చీటీ తీసింది. మూడు తారీఖుల మీదా వేలు పెట్టి వరసగా చూసుకుంది. నా మొహంలోకి చూసింది, ఎక్కడైనా నవ్వు దాక్కుందేమోనని.

"ముత్యాలు మొగుడు ఈ లెక్కకే పోనాడా?"

"ఈ లెక్కకే. రాసినోణ్ణి నానే."

ఆమె గవరయ్య చంకల కింద చేతులు వేసింది. నేను కాళ్లు పట్టుకున్నాను. పట్టుకుంటే ఎంత తేలికో ఆ మనిషి! పడవలో పడుకోబెట్టాం. సోములమ్మ కూడా ఎక్కి అతని తల ఒళ్లో పెట్టుకుంది. పడవ ఆటులో తిరిగి, పొగలోకి వెళ్లింది. ఇంజను చప్పుడు చాలాసేపు వినిపించింది.

పొయ్యి మీద వాళ్ల అన్నం ఉడుకుతూనే ఉంది. దించి, మూత పెట్టాను.